ఇప్పలకుంటలో రాయి కింద

తార్నాక,
12 జూన్ 1967

తమ్ముడు రాజలింగుకు,

నువ్వు షాపు ఎత్తేసి ఊరికి పోయాక, నీ సైకిల్ షాపు ఉన్న జాగాలో ఇప్పుడు ఒకాయన అరటిపళ్లు పెట్టుకున్నాడు. ఈగలన్నీ నా టైపు షాపులోకే. ఏడేళ్లు నీ రెంచీల చప్పుడు, నా మిషన్ చప్పుడు కలిసి మోగేవి. ఇప్పుడు ఒంటిగా కొడుతుంటే అదోలా ఉంది. అందుకే గిరాకీ లేనప్పుడల్లా తెలుగు మిషన్ ముందు కూర్చుని నీకు ఉత్తరం కొడతాను. చదవలేక విసుక్కోకు.

అసలు సంగతికి వస్తా. విశాలాక్షి థీసిస్ నా దగ్గరికొచ్చింది! అదే, మా అనంతపురం పిల్ల, యూనివర్సిటీలో జువాలజీ చదివేది. నెలకోసారి ఆలేరు పాసింజరెక్కి మీ కుంటకొస్తే మా మరదలు సాలమ్మ అన్నం పెట్టి పంపేది కదా, ఆ పిల్ల. రెండు వందల పేజీలు, అన్నీ చేతిరాత. ఇచ్చి, మద్రాసులో ఏదో లైబ్రరీ చూడాలని బండెక్కింది. వచ్చే నెల మొదటి వారం దాటాక వస్తుందట.

పోతూ పోతూ ఒక సీసా నా బల్ల మీద మర్చిపోయింది. అందులో మీ కుంట పురుగులు. వారాసిగూడ నుంచి అర్జీ కొట్టించుకోడానికి వచ్చిన ప్రమీలమ్మ గారు అది చూసి, "ఇదేంది రాయుడు గారూ, ఊరగాయనా?" అంది. మూత తీయబోయింది కూడా!

టైపు కొడుతుంటే నాకిప్పుడిప్పుడే అర్థమవుతోంది తమ్ముడూ. ఇన్నాళ్లూ ఆ పిల్ల పురుగుల్ని ఏరుకుంటుందని నవ్వుకున్నాం. ఆమె చెప్పేదేమిటంటే, నీళ్లు మంచివో చెడ్డవో తెలియాలంటే నీళ్లనే చూడనక్కర్లేదు. అందులో ఎవరు కాపురం ఉన్నారో చూస్తే చాలు. మందులు పోసి పరీక్ష చేస్తే ఆ పూట సంగతే తెలుస్తుంది. పురుగు మాత్రం నెలల తరబడి అక్కడే ఉండి, వచ్చిన మంచీ చెడూ అంతా ఒంటి మీద మోస్తుంది. కొన్ని సుకుమారం పురుగులు, ఏ కాస్త తేడా వచ్చినా ఉండలేవు. కొన్ని మొండివి, ఎక్కడైనా బతుకుతాయి. ఎవరు ఉన్నారు, ఎవరు వెళ్లిపోయారు, లెక్క కట్టు. అంతే. ఇంత చిన్న ప్రాణికి ఇంత పెద్ద ఉద్యోగమా అనిపించింది.

మీ వదిన సరోజమ్మ సాలమ్మను అడిగానని రాయమంది.

మీ అన్న,
సుబ్బరాయుడు


ఇప్పలకుంట, ఆలేరు తాలూక్,
20 జూన్ 1967

రాయుడన్నకు రాజలింగు దండం పెట్టి రాసేది,

నీ ఉత్తరం చదివి సాలమ్మ మస్తు నవ్వింది. ఊరగాయ అన్న కాడ మల్ల చదివిచ్చుకున్నది. ఆ పిల్లను మా ఆడోళ్లు పురుగులమ్మ అంటరు. పోయినసారి వచ్చినప్పుడు మా పిండి జల్లెడ పట్టుకపోయి కుంటల ముంచింది. సాలమ్మ ఇప్పటికీ ఆ జల్లెడల పిండి పోస్తలేదు.

అన్నా, ఈడ ఒక ముచ్చట పడ్డది. నీతోని అయ్యే పని.

నీకు ఎరికే కద, మా కుంట నడుమల తుంగ పెరిగిన మట్టి దిబ్బ ఉంటది. దానికి అటు ఒక మడుగు, ఇటు ఒక మడుగు. ఎండకాలం నీళ్లు తగ్గితే రెండూ వేరు పడుతయి. పొలాల దిక్కున్నది ఎప్పటి లెక్కనే పచ్చగ, పాకురు పట్టి, కాలు పెడితె అడుగు కానరాదు. కట్ట దిక్కున్న మడుగు మాత్రం రెండేండ్ల సంది మారిపోయింది. ఏమని చెప్పాలె, అద్దం అన్నా, అద్దం! నిలువెత్తు లోతుల రాయి కూడ కనబడుతది. మునుపు గవే నీళ్లు ఎర్రమట్టి రంగుండేవి. ముసలోళ్లు గంగమ్మ కండ్లు తెరిసింది అంటున్నరు. పక్కూరోళ్లు చూడనీకి వస్తున్నరు. నేను పొద్దున పోయి గట్టు మీద కూసుంటే లేవబుద్ధి కాదు.

మా చేపల సొసైటీకి జూలై తొమ్మిది, ఆదివారం పొద్దున బండిల చేప పిల్లలు వస్తున్నయి. బొచ్చెలు, రవ్వలు, పది డబ్బాలు. పోయిన రెండేండ్లు చేప సరిగ ఎదగలె. వలల తప్పున్నదో, మా నసీబుల తప్పున్నదో తెల్వది. ఈసారి గూడ పోతె ఇరవై ఇండ్లోళ్లు వలలు మూలకు పెట్టి కూలికి పోవుడే. మల్ల పిల్లలు ఎప్పుడిస్తరో సర్కారుకే తెల్వాలె.

ఏ దిక్కు వెయ్యాలె అని లొల్లి. ముసలి లచ్చయ్య, ఎప్పటి లెక్కనే పచ్చ మడుగుల వెయ్యాలె అంటడు. తెల్ల మడుగుల చిన్న చేపలు తక్కువైనయి, చేపలకు అక్కర్లేని నీళ్లు మనకెందుకు అంటడు. మిగతావాళ్లు అద్దమసొంటి నీళ్లుండంగ పాకుర్ల ఎందుకు వేస్తం అంటున్నరు. నేను ప్రెసిడెంటును, నా మాట మీద ఉన్నది. పురుగులమ్మను అడిగితె, ఏడాది లెక్క నిండంది నోటితోని చెప్పొద్దని మా సారు ఒట్టు పెట్టిచ్చుకున్నడు, అంత పుస్తకంలనే ఉంటది అన్నది. ఆ పుస్తకం ఇప్పుడు నీ బల్ల మీదున్నది కద. జర చూసి రాయి.

తమ్ముడు,
రాజలింగు


తార్నాక,
28 జూన్ 1967

తమ్ముడూ,

నీ ఉత్తరం రాగానే మిగతా పనులన్నీ పక్కన పెట్టి ఆ పేజీలు ముందు కొట్టాను. ఇదిగో నీకు కావలసిన మాట.

నాలుగో అధ్యాయంలో పట్టిక ఉంది. పన్నెండు నెలల లెక్క. మంచి నీళ్లలో తప్ప బతకని పురుగు ఒకటుంది, మూడు తోకలది. రాళ్లకు కరుచుకుని ఉంటుంది, పెద్దయితే రెక్కలొచ్చి ఎగిరిపోతుంది. ఊపిరాడని నీళ్లలో, పాడు నీళ్లలో కూడా బతికే మొండిది ఇంకొకటి, ఎర్ర పురుగు. ఒక మడుగులో మూడు తోకలవి నూట పన్నెండు దొరికాయి. రెండో మడుగులో ఒక్కటంటే ఒక్కటి లేదు, అడుగు బురదలో ఎర్ర పురుగులే.

నూట పన్నెండు ఉన్నది నీ తెల్ల మడుగు! ఎర్ర పురుగులున్నది పచ్చ మడుగు. ఇంకేం కావాలి? అన్ని డబ్బాలూ తెల్ల మడుగులో వేసుకో. లచ్చయ్యకు నా పేరు చెప్పు.

చేతిరాతలో అక్కడ చిన్న తడబాటు ఉంటే నేనే సరిచేశాను. నీకు తెలుసు కదా నా అలవాటు. నా చేతిలో పడ్డ కాగితం తప్పుతో బయటికి పోదు. పోయినేడు ఒకాయన థీసిస్‌లో నిజాం కాలం సంవత్సరాలు రెండు సరిచేస్తే, డిగ్రీ వచ్చాక మైసూర్ పాక్ తెచ్చిచ్చాడు.

అన్న,
సుబ్బరాయుడు


ఇప్పలకుంట,
4 జూలై 1967

రాయుడన్నకు,

నీ ఉత్తరం సొసైటీల నేనే నిలబడి చదివిన. టైపు కొట్టిన కాగితం కద, అందరు చేతులు తుడుసుకొని పట్టుకున్నరు. లచ్చయ్య "పుస్తకంల ఉంటె ఉంటదిలే బిడ్డా" అని తువ్వాల దులుపుకొని పోయిండు.

సాలమ్మ ఒక్కతే గొణుగుతున్నది. "కొంగలన్ని పచ్చ దిక్కే వాలుతున్నయి. తెల్ల మడుగు మీద తూనీగ గూడ తిరుగుతలేదు, నువ్వు చూసినవా?" అంటది. కొంగలకు చదువు రాదులే అన్న. ఆమె నవ్వలె.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి డబ్బాలు దిగుతయి. గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి వేస్తం. నువ్వుంటె మంచిగుండు.

రాజలింగు


(టెలిగ్రాం)
తార్నాక, 8 జూలై 1967

తెల్ల మడుగులో వేయవద్దు. పచ్చ మడుగులోనే వేయండి. ఉత్తరం వస్తోంది. సుబ్బరాయుడు.


తార్నాక,
8 జూలై 1967, శనివారం

తమ్ముడూ,

టెలిగ్రాం ఇచ్చి వచ్చి ఇది కొడుతున్నాను. తొందరలో ఉన్నాను. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడితే సర్దుకుని చదువుకో. సాయంత్రం పాసింజరు అందలేదు. రేపు పొద్దున నేను వచ్చేసరికి మీ పని అయిపోతుంది. అందుకే టెలిగ్రాం.

విశాలాక్షి పొద్దున మద్రాసు నుంచి దిగింది. స్టేషన్ నుంచి నేరుగా షాపుకే వచ్చి టైపు చేసిన పేజీలు తిరగేసింది. నాలుగో అధ్యాయం దగ్గర ఆగింది.

"ఇది తలకిందులైంది చిన్నాయనా. నూట పన్నెండు పచ్చ మడుగులో. తెల్ల మడుగులో సున్నా."

"సున్నా ఎట్లా అవుతుందమ్మా? అద్దంలాంటి నీళ్లంట కదా!" అన్నాను.

"నీళ్లు తెల్లగుంటే మంచివని యెవరు చెప్పినారు నీకు?"

ఆ పిల్ల ఒక్క నిమిషం నా వంక చూసింది. తిట్టలేదు. "షాపు మూసి నాతో రా" అంది.

ఇన్నేళ్లుగా క్యాంపస్ పక్కనే ఉన్నాను గానీ ఆ లాబొరేటరీ గడప తొక్కలేదు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, పచ్చ మడుగు నుంచి తెచ్చి తొట్టిలో పెంచుతున్న నీళ్లు ఒక్క చుక్క గాజు పలక మీద వేసి, మైక్రోస్కోపు కింద పెట్టింది. "ఒక కన్ను మూసుకో చిన్నాయనా. ఊపిరి మెల్లగా తీసుకో" అంది.

ఎట్లా చెప్పాలి రాజలింగూ! ఆవగింజలో సగం ఉండే పురుగు. ఒళ్లంతా గాజు. అటు నుంచి ఇటు కనబడుతోంది. లోపల పేగు కనబడుతోంది, ఆకుపచ్చగా, అది తిన్న పాచి. వీపు కింద ఏదో టకటకా కొట్టుకుంటోంది. "అదేంటమ్మా?" అంటే "గుండె" అంది. గుండె తమ్ముడూ! ఒంటి లోపల కొట్టుకుంటున్న గుండెను నేను బయట కూర్చుని చూస్తున్నాను. నా మిషన్ మీద నేను ఎంత జోరుగా కొట్టినా ఆ వేగం రాదు. దాని వెనక చిన్న అరలో నాలుగు గుడ్లు. ఒక్కో గుడ్డులో ఒక్కో నల్ల చుక్క. "అవి కళ్లు. ఇంకా పుట్టలేదు, అప్పుడే చూస్తాండాయి" అంది. నా కళ్లజోడు తడిసి ఏమీ కనపడలేదు. మీ పచ్చ మడుగులో చెంబెడు ముంచితే ఇలాంటివి ఎన్ని వందలో! అంత మందితో కళకళలాడుతున్న ఊరిని మనం పాకురు అంటున్నాం.

తర్వాత ఇంకో సీసాలోంచి తెల్ల మడుగు చుక్క వేసింది. చూశాను. వెలుగు తప్ప ఏమీ లేదు. పలక జరిపింది. వెలుగే. మళ్లీ జరిపింది. ఇంత శుభ్రమైన ఖాళీని నేనెప్పుడూ చూడలేదు.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత రాస్తున్నాను. మీకు ఎగువన రెండేళ్ల కింద అట్టల కార్ఖానా పెట్టారు కదా, అందులో పటిక బాగా వాడతారట. మురికి నీళ్లలో పటిక తిప్పితే ఏమవుతుంది? మట్టి అడుక్కి పోయి తేటపడుతుంది. సాలమ్మ రోజూ కుండలో చేసే పనే. కార్ఖానా నీళ్లు కాలవలో పడి కట్ట వైపు మడుగులోకి వస్తున్నాయి. కుండలో చిటికెడు వేస్తే మనకు మేలు. మడుగంతా అదే అయితే నీళ్లు పులిసి, మట్టితో పాటు పాచీ పోయింది, పాచి తినే గాజు పురుగూ పోయింది, మూడు తోకలదీ పోయింది. ఎర్ర పురుగు ఒక్కటి మొండిగా మిగిలింది. చేప పిల్ల అందులో పడితే మొప్పలు మూసుకుపోయి ఒక పూట కూడా బతకదట.

పట్టిక టైపులో తలకిందులైంది. టెలిగ్రాం మీకు ముందే అందాలి.

సుబ్బరాయుడు


ఇప్పలకుంట,
15 జూలై 1967

రాయుడన్నకు,

టెలిగ్రాం అందింది. పిల్లలను పచ్చ మడుగుల వేసినం. బతికినయి.

నీ ఉత్తరం వచ్చినంక నేను సొంతంగ పోయి చూసిన. సాలమ్మ గూడ వచ్చింది. పచ్చ మడుగుల మోకాలు లోతుకు దిగి ఒక రాయి లేపిన. కింద మూడు తోకలది. మునుపు గూడ చూసిన గని, పురుగు అని పారేసిన. ఈసారి అరచేతిల నీళ్లు పోసి పెట్టుకొని చూసిన. పక్కల రెండు దిక్కుల చిన్న చిన్న ఆకులసొంటివి ఉన్నయి, గవి ఆడిస్తనే ఉంటది, ఆపకుండ. ఊపిరి తీసుకునుడంట గది. సాలమ్మ "పాపం, దాన్ని ఆడనే పెట్టు" అన్నది.

తెల్ల మడుగుల ఇరవై రాళ్లు లేపిన. అన్ని రాళ్లు కడిగినట్టున్నయి. కింద ఎవ్వలు లేరు.

మొన్నటి సంది ఇరవై ఇండ్లోళ్లం నడుమ దిబ్బ మీద మట్టి పోస్తున్నం. వాన గట్టిగ పడితె రెండు మడుగులు ఒకటైతయి, అప్పుడు అటు నీళ్లు ఇటు వస్తయి. పోయిన రెండేండ్లు చేప ఎదగంది గందుకేనేమో. ఆడోళ్లు తట్టలెత్తుతున్నరు. మూర ఎత్తు లేసింది. ఇంక మూర గావాలె.

రాజలింగు


తార్నాక,
2 ఆగస్టు 1967

తమ్ముడూ రాజలింగూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు రాస్తే పేజీ చాలదు, అంచుల్లో కూడా రాస్తావు. ఈసారి సగం కాగితం ఖాళీ వదిలావు. "అన్నా" అని మధ్యలో ఒక్కసారి కూడా పిలవలేదు. సరోజమ్మకు చదివి వినిపిస్తే, "ఏదో జరిగుంటాది. నువ్వు చేసింది చెప్పకుండా ఆ అబ్బిని చెప్పమంటే యెట్లా?" అంది.

చెబుతాను. పట్టిక టైపులో తలకిందులైందని రాశాను. తనంతట తాను అవ్వలేదు. నేనే చేశాను. ఆ పిల్ల చేతిరాతలో సరిగ్గానే ఉంది. తెల్ల మడుగు కింద సున్నా, పచ్చ మడుగు కింద నూట పన్నెండు, ముత్యాల్లా రాసింది. నేను అది చూసి, పాపం, మద్రాసు తొందరలో పొరపాటు పడిందనుకున్నాను. తెల్ల నీళ్లలో సున్నా ఎట్లా ఉంటుంది అనుకున్నాను. పైనున్న రెండు పేర్లూ ఇటుది అటు, అటుది ఇటు కొట్టాను. కొట్టి మురిసిపోయాను కూడా. ఆ పిల్ల పన్నెండు నెలలు బురదలో నిలబడి రాసిన దాన్ని, నీడలో కూర్చుని రెండు నిమిషాల్లో మార్చేశాను.

ఇంకొకటి కూడా ఉంది. ఆదివారం పొద్దున ఐదింటికి బండి ఉంది. అందులో ఎక్కితే మీ డబ్బాలు దిగే వేళకు నేనూ దిగేవాణ్ని. ఎక్కలేదు. నీ మొహం ఎట్లా చూడాలో తెలియక టెలిగ్రాం మీద భారం వేసి ఇంట్లో కూర్చున్నాను.

ఆ పిల్లకు చెప్పాను. "నాకు ఆ పొద్దే తెలిసింది చిన్నాయనా. నీ మిషన్‌కు అంత తెలివి యాడుంది" అంది. ఆ అధ్యాయం మళ్లీ నా చేతే కొట్టించింది.

ఇప్పుడు నువ్వు చెప్పు. టెలిగ్రాం ఎన్నింటికి వచ్చింది?

సుబ్బరాయుడు


ఇప్పలకుంట,
20 ఆగస్టు 1967

అన్నా,

టెలిగ్రాం తొమ్మిదిన్నరకు వచ్చింది. పోస్టుమాన్ సైకిల్ తొక్కుకుంట వచ్చిండు. అప్పటికే నాలుగు డబ్బాలు తెల్ల మడుగుల వంచినం.

నీకు రాయలె. ఎట్ల రాయాలె? నాలుగో డబ్బా నేనే వంచిన అన్నా, నా చేతులతోని. అందరు వంగి చూస్తున్నరు. నీళ్లు అద్దం లెక్క ఉన్నయి కద, ఒక్కొక్క పిల్ల కనబడుతున్నది. మస్తుగ ఈదినయి ముందుగాల. ఆడోళ్లు చప్పట్లు కొట్టిన్రు. జరసేపటికి గుండ్రం తిరుగుడు షురూ చేసినయి. పైకొచ్చి నోర్లు తెరుసుకుంట. అప్పుడే టెలిగ్రాం వచ్చింది. వలలు, చీరలు, చేతికి ఏది దొరికితె అది పట్టుకొని దిగి దేవుకున్నం. పచ్చ దిక్కు ఎత్తుకపోయి వేసినం. దేవినయి తక్కువ, పోయినయి ఎక్కువ. మాపటికి తెల్లటి కడుపులు తెల్లటి నీళ్ల మీద. అటు పోబుద్ధి కాలె.

మిగిలిన ఆరు డబ్బాలు దక్కినయి. ఆరు డబ్బాల మీదనే ఇప్పుడు ఇరవై ఇండ్లు.

నీ ఉత్తరం చూసినప్పుడు నాకు మస్తు కోపమొచ్చింది. చింపబోయిన గూడ. సాలమ్మ చెయ్యి పట్టుకున్నది. "ఆయనకు రాసినప్పుడు నువ్వు నిజం రాసినవా?" అన్నది. నా తప్పు గూడ ఇను. నేను నిన్ను అడగకముందే తెల్ల మడుగుల్నే వేస్తమని పక్కూరోళ్లకు చెప్పి పెట్టిన. ఆ నీళ్లు చూసి మోసపోయిన, గంత ముద్దుగున్నయి గవి. పుస్తకంల ఏమున్నదని నేను నిన్ను అడిగింది పేరుకే. నా మాటకు ఒక సాక్ష్యం గావాలె. లచ్చయ్య అరవై ఏండ్ల సంది నీళ్లల్ల నిలబడ్డడు, సాలమ్మ కొంగల ముచ్చట చెప్పింది, ఇద్దరి మాట ఇనలె. నువ్వు పేర్లు మార్చకున్నా నేను ఏం చేస్తుంటినో దేవునికే ఎరుక.

లచ్చయ్య ఇంటికి పోయి చెప్పిన. "నా మాట ఇననందుకు బాధ లేదు బిడ్డా. వేసినంక ఈదుతాంటే నేను గూడ ఖుష్ అయిన" అన్నడు.

నడుమ దిబ్బ మీది కట్ట రెండు మూరలు లేసింది. నిన్న వాన దంచికొట్టింది. కట్ట ఆగింది.

అయిపోయింది ఏదో అయిపోయింది. మాటలు బందు పెట్టకు.

నీ తమ్ముడు,
రాజలింగు


తార్నాక,
3 డిసెంబర్ 1967

తమ్ముడూ,

అర్జీ తయారైంది. కార్ఖానా నీళ్లు కుంటలో పడకుండా ఆపమని తహశీల్ ఆఫీసుకు ఒకటి, చేపల డిపార్టుమెంటుకు ఒకటి. విశాలాక్షి పట్టిక దానికి జతపరిచాను. ఈ నాలుగు నెలలుగా సాలమ్మ గురువారం గురువారం జల్లెడతో ఏరి, నీతో రాయించి పంపిన లెక్క కూడా కింద చేర్చాను. "సాలమ్మ లెక్కకూ నా లెక్కకూ తేడా లేదు చిన్నాయనా. ఆమె చెయ్యి నాకంటే నిదానం" అంది ఆ పిల్ల. ఆమె పేరు కూడా కొట్టాను, పూర్తి పేరు, సాలమ్మ, భర్త పేరు రాజలింగు, ఇప్పలకుంట.

ఈసారి ఏమీ సరిచేయలేదు. ఉన్నది ఉన్నట్టు కొట్టాను. పచ్చ మడుగు కింద మూడు తోకల వాటి అంకెలు జోరుగా పడ్డాయి. తెల్ల మడుగు కింద అన్నీ సున్నాలే. పదిహేడు వారాలు, పదిహేడు సున్నాలు. ముప్ఫై ఏళ్లుగా ఈ మీటలు కొడుతున్నాను. సున్నా ఇంత బరువైన అంకె అని తెలియదు. ఒక్కోటి కొడుతుంటే, ఇక్కడ ఒకప్పుడు మనుషులున్నారు, ఇప్పుడు లేరు, అన్నట్టు అనిపించింది. పురుగులని రాయబోయి మనుషులని కొట్టాను. మార్చను, ఉండనీ.

మధ్యాహ్నాలు అప్పుడప్పుడు లాబొరేటరీకి పోతున్నాను. ఆ స్టూలు మీద కూర్చుని ఒక కన్ను మూసుకుంటాను. సరోజమ్మను కూడా ఒకసారి తీసుకుపోయాను. ఆ గుండెను చూసింది. ఇంటికి నడిచొచ్చేదాకా చెయ్యి గుండె మీదే పెట్టుకుంది.

అర్జీ మీద అందరి వేలిముద్రలూ వేయించి పంపు.

అన్న,
సుబ్బరాయుడు


ఇప్పలకుంట,
25 ఫిబ్రవరి 1968

రాయుడన్నకు తమ్ముడు రాజలింగు రాసేది,

మొన్న పచ్చ మడుగుల మొదటి వల వేసినం. ఆరు డబ్బాల పిల్లలు అన్నా! ఒక్కొక్కటి మోచెయ్యి పొడుగు ఎదిగినయి. వల గుంజుతాంటే లచ్చయ్య ముసలోడు నీళ్లల్లనే కూసున్నడు. పది డబ్బాలు కాదు, నిజమే. నాలుగు డబ్బాల కమ్మి కండ్లకు కనబడుతనే ఉన్నది. గని ఇరవై ఇండ్లల్ల ఒక్కలు గూడ కూలికి పోలే. పొలుసులు ఎండల మెరుస్తున్నయి. గా పాకుర్ల నుంచేనా గీ వెండి వచ్చింది?

అర్జీ మీద తహశీల్ నుంచి ఒక సారు వచ్చిండు. గట్టు మీద నిలబడి తెల్ల మడుగు చూసి, "ఇంత మంచిగున్నయి కదనయ్యా నీళ్లు, ఏమి కరాబున్నదని అర్జీ వేసిన్రు?" అన్నడు. చెప్పనీకి నాకు నోరెక్కడిది, నేను గూడ గదే అన్నోణ్ని కద. సాలమ్మ రెండు పింగాణి పళ్లాలు తెచ్చింది. జల్లెడతోని ఇటు ముంచి ఒకదాంట్ల పోసింది, అటు ముంచి ఒకదాంట్ల పోసింది. ఆయన ముందట పెట్టింది. ఒక పళ్లెంల తోకలోళ్లు, కాళ్లోళ్లు, ఎగిరేటోళ్లు, పాకేటోళ్లు, సంత లెక్క కదులుతున్నది. రెండోది ఉత్త పళ్లెం. పూలు కనబడుతున్నయి అడుగున, పళ్లెం మీద ఏసిన పూలు.

సారు బూట్లు ఇడిసి కూసున్నడు. ఒకసారి ఇది చూసి, ఒకసారి అది చూసి. చాలాసేపు. "ఏండ్ల సంది నీళ్లు తాగుతున్న, ఇట్ల ఎన్నడు చూడలే" అన్నడు. కాగితం మీద ఏమో రాసుకున్నడు. కాలువ మలుపుతరో లేదో ఇంక తెల్వది. కార్ఖానోళ్లు చిన్నోళ్లా? మల్ల వస్తనని పోయిండు. వస్తె వస్తడు, రాకుంటె నువ్వు ఇంకో అర్జీ కొట్టు.

ఇప్పుడు మా ఆడోళ్లకు ఒక అలవాటైంది. ఏ మడుగుల గాని, ఏ కాలువల గాని, కుండ ముంచే ముందు నీళ్ల దిక్కు చూస్తలేరు. వంగి ఒక రాయి లేపుతరు. గట్టు మీదున్నామె "ఉన్నరా వదినా?" అంటది. లేపినామె "ఉన్నరు, ఉన్నరు" అంటది. అప్పుడు ముంచుతరు.

సాలమ్మ గురువారం గురువారం తెల్ల మడుగుకు పోతనే ఉన్నది. మొన్న గురువారం నేను గూడ ఎంట పోయిన. ఎండ నీళ్ల అడుగు దాక దిగింది. ఎంత సక్కగున్నదంటె, ఇంత పెద్ద ఇల్లు కట్టి ఎవ్వలు లేక తలుపులు బార్లా తెరిసి పెట్టినట్టున్నది. సాలమ్మ రాళ్లు ఒక్కొక్కటి లేపి చూసింది. ఇరవై రాళ్లు. ఎవ్వలు లేరు. సున్నా రాసుకో అన్నది. రాసుకున్న.

నేను చేతిల ఉన్న రాయిని ఉట్టిగ పారేసిన. ఆమె మల్ల వంగి తీసింది. ఎట్లున్నదో అట్లనే, ఆడ్నే, మెల్లగ బోర్లిచ్చి పెట్టింది.

"ఎవ్వలు లేరు కదనే" అన్న.

"ఇయ్యాల లేరు. వచ్చినోళ్లకు ఇల్లుండొద్దా?" అన్నది.

నీ తమ్ముడు,
రాజలింగు